బతుకమ్మ పూల బీడు

(రాత్రి బడిలో చదువుకుంటున్న మహిళలతో టీచరు చెప్పిన మాటలు)

అమ్మలారా, అక్కలారా, పెద్దమ్మలారా!

పొద్దంతా చెలకలో పని చేశారు. ఇంటికి వచ్చి వండి పెట్టారు. మళ్లీ పలక పట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఇవాళ పలక పక్కన పెట్టండి. ఇవాళ పాఠం లేదు. ఒక జాగా గురించి మాట్లాడుకుందాం.

చెరువు కట్ట దిగగానే మన బంచరాయి వస్తుంది. ఊరి పశువులు మేసే జాగా. దీనికి ఒక్కో చోట ఒక్కో పేరు. కొన్ని ఊళ్లలో గైరాన్ అంటారు. కొన్ని ఊళ్లలో కంచ అంటారు. 2025లో టీవీలో కంచ గచ్చిబౌలి పేరు విన్నారు కదా. హైదరాబాదులో యూనివర్సిటీ పక్కన ఉన్న 400 ఎకరాలు. అక్కడ చెట్లు కొడుతుంటే ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు ఆపించింది. ఆ పేరులో ఉన్న కంచ ఏమిటి? పశువుల మేతకు వదిలిన భూమి అనే అర్థం. పట్నం మీద పడి వచ్చింది కానీ, పేరు మాత్రం పాత సంగతి చెప్తూనే ఉంది.

బంచరాయి అన్నా, గైరాన్ అన్నా, కంచ అన్నా అది ఒక్కరిది కాదు. అందరిది. అందరిది అంటే మనది కూడా.

వచ్చే గ్రామసభలో మన బంచరాయి మాట వస్తుంది. బతుకమ్మ ఆడుకోవడానికి ఆడవాళ్లకు మంచి జాగా కావాలని పెద్దలు అనుకున్నారు. సంతోషమే. కానీ అందుకోసం జేసీబీ తెచ్చి బంచరాయి మొత్తం చదును చేస్తారట. మిగిలిన పిచ్చి గడ్డికి గడ్డిమందు కొడతారట. బతుకమ్మ ఆడే జాగా కోసం బతుకమ్మ పూలు పూసే జాగాను చెక్కేస్తారా? ఇదేం లెక్క?

"అక్కడ ఏముంది టీచరమ్మా, అంతా పిచ్చి చెట్లే కదా" అని మొన్న ఒక అక్క అన్నది. అందుకే ముందు అక్కడ ఏముందో చూద్దాం.

మొదట గునుగు. దీని గురించి మీకు నేను చెప్పాలా? మీ చేతులతో ఎన్ని వేల మొక్కలు పీకి ఉంటారు! జొన్న చేనులో, కంది చేనులో గునుగు కలుపు. మధ్యాహ్నం దాన్ని తిట్టుకుంటూ పీకుతాం. పెత్రమాస రాగానే అదే గునుగు కోసం చేన్ల గట్లు తిరుగుతాం. కోసి తెచ్చి కట్టలు కట్టి, రంగుల్లో ముంచి, తాంబాలంలో వరుసలు పేరుస్తాం. చేనులో కలుపు, తాంబాలంలో తల్లి. మన గునుగు కథ ఇది.

ఇప్పుడు చేన్లలో గడ్డిమందు వచ్చింది. మనిషి వంగకుండానే కలుపు చస్తుంది. కలుపు చచ్చినప్పుడు గునుగు కూడా చచ్చింది. మన కలుపు కూలి కూడా పోయింది. ఈ రెండో సంగతి వ్యవసాయం మీద మాట్లాడే పెద్ద మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. పత్తి చేనులో మందు కొట్టినాక గునుగు ఎక్కడ మిగులుతుంది? దున్నని జాగాలో. మందు పడని జాగాలో. అంటే గట్ల మీద, బాట పక్కన, బంచరాయిలో. పట్నంలో ఇప్పుడు గునుగును కట్టల లెక్కన కొంటున్నారు. మన ఊళ్లో కూడా ఆ రోజు రావాలా?

రెండోది తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. అదే సంవత్సరం బతుకమ్మను రాష్ట్ర పండుగ అన్నారు. తంగేడు పువ్వును రాష్ట్ర పువ్వు అన్నారు. పాలపిట్టను రాష్ట్ర పక్షి అన్నారు. కాగితం మీద గౌరవం దక్కింది. జేసీబీకి ఆ కాగితం చదవడం రాదు.

తంగేడు పువ్వులో ఒక చమత్కారం ఉంది. టీచర్ ట్రైనింగులో మా చేత పువ్వు బొమ్మ గీయించారు. భాగాల పేర్లు రాయించారు. మార్కులు వేశారు. తంగేడు పేరు మాత్రం ఒక్క రోజూ రాలేదు. ఈ చమత్కారం నేను తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి మాత్రమే ఉంటుంది. పుప్పొడి అంటే పువ్వు లోపల ఉండే పసుపు పచ్చని పొడి. అది పువ్వులోని ఆడ భాగానికి చేరితేనే కాయ కడుతుంది. తంగేడులో ఆ పొడి చిన్న చిన్న గొట్టాల్లాంటి సంచుల్లో ఉంటుంది. సంచి కొసన సన్నని రంధ్రం. ఉప్పు డబ్బా మూతకు ఉండే రంధ్రం లాంటిదే. ఊపితే గానీ పొడి రాలదు.

మరి ఎవరు ఊపాలి? తుమ్మెద ఊపుతుంది. నల్లగా, లావుగా, జుమ్మని తిరిగే తుమ్మెద. అది పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని ఒళ్లంతా అదురుతుంది. ఆ అదురుకు పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు.

ఇది మనకెందుకు అంటారా? మీ పెరట్లో వంగ చెట్టు ఉందా? టమాటా ఉందా? ఆ పువ్వులు కూడా ఇట్లాంటివే. ఊపితేనే పొడి రాలుతుంది. గాలికి కొంత రాలుతుంది, కొంత కాయ కడుతుంది. తుమ్మెద వంటివి వచ్చి ఊపితే కాపు బాగుంటుంది. మరి వంగ పూత మూడు నాలుగు నెలలే. మిగతా నెలల్లో తుమ్మెద ఏం తినాలి? తంగేడు ఉంటే అది తింటుంది. తంగేడు ఎండా వానా చూడకుండా పూస్తూనే ఉంటుంది. తుమ్మెద గూడు ఎక్కడ? ఎండిన మొద్దులో, ఎండిన వెదురులో తొలుచుకుంటుంది. బంచరాయిలో ఎండు మొద్దు కనిపిస్తే మనం పొయ్యిలోకి తెచ్చుకుంటాం. అన్నీ తేవద్దు. ఒకటో రెండో వదలండి.

గుమ్మడి, సొర, బీర, దోస, కాకర సంగతి మీకు తెలుసు. వీటిలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపు పచ్చగా మారి రాలిపోతుంది. మనం ఏమనుకుంటాం? దిష్టి తగిలింది అనుకుంటాం. కానీ చాలాసార్లు దిష్టి కాదు, ఈగ రాలేదు. గుమ్మడి పువ్వు తెల్లవారి విచ్చుకుంటుంది, తేనెటీగ వస్తుంది. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. సొర పువ్వుకు రాత్రి తిరిగే రెక్కల పురుగులు కూడా వస్తాయి. మన పెరడుకు పగటి కూలి, రాత్రి కూలి అంతా ఈ ప్రాణులే చేస్తున్నాయి. మస్టర్ లేదు, కూలి డబ్బు లేదు. కొంచెం జాగా ఇస్తే చాలు.

2007లో కొందరు శాస్త్రవేత్తలు ఒక లెక్క చెప్పారు. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటలు 115 తీసుకున్నారు. వాటిలో 87 పంటలకు ఎంతో కొంత ఈ ప్రాణుల సాయం కావాలి. 115లో 87 అంటే నాలుగింట మూడు వంతులు. వరికి, గోధుమకు, మక్కకు వీటి సాయం అక్కర్లేదు. అంటే ఈగలు లేకపోతే బువ్వ ఉంటుంది, పక్కన కూర కరువవుతుంది.

కూర అంటే గుర్తొచ్చింది. లేత గునుగాకు కూర తిన్నారా? పెద్దమ్మలు తలలు ఊపుతున్నారు. తుమ్మి కూర వినాయక చవితికి వండుకుంటాం. తంటెపు కూర, చెంచలి కూర కూడా ఎవరూ విత్తకుండానే మొలుస్తాయి. తొలి వానలకు చేతిలో పైసలు ఉండవు. అప్పుడు ఇవే గిన్నెలోకి వస్తాయి. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఉన్నారు. ఎక్కువ మంది దళిత మహిళలు. వాళ్లు ఈ కూరలను కలుపు అనరు. విత్తని పంట అంటారు. చేనులో ఏది పీకాలి, ఏది ఉంచాలి అనే లెక్క వాళ్ల దగ్గర ఉంది. 2019లో వాళ్ల సంస్థకు ఐక్యరాజ్య సమితి నుంచి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లూ మనలాంటి ఆడవాళ్లే. కొంగు నడుముకు చుట్టి చెలకలో దిగే వాళ్లే.

బంచరాయిలో ఇంకా ఎవరున్నారు? జిల్లేడు ఉంది. దాని ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళి పురుగు కనిపిస్తుంది. చూసి చీదరించుకోకండి. అదే కొన్నాళ్లకు నారింజ రంగు సీతాకోక చిలుక అవుతుంది. జిల్లేడు పాలు మనకు కంట్లో పడితే ప్రమాదం. ఆ పురుగుకు మాత్రం అదే పాలబువ్వ. ఆ చేదు ఒంట్లో చేరడం వల్ల పిట్టలు దాన్ని తినడానికి జంకుతాయి.

వెంపలి ఉంది. ఊదా రంగు చిన్న పువ్వులు. కంది లాగా, పెసర లాగా అది కూడా వేర్ల బుడిపెలతో భూమికి బలం ఇస్తుంది. విష్ణుక్రాంతం ఉంది. నీలం పువ్వు, వేలి గోరంత కూడా ఉండదు, వంగి చూస్తేనే కనబడుతుంది.

తీతువు పిట్ట ఉంది. రాత్రి అరిస్తే అపశకునం అంటాం. పాపం, అది తన గుడ్ల కోసం అరుస్తుంది. దానికి చెట్టు మీద గూడు లేదు. నేల మీదనే, రాళ్ల మధ్య, రాళ్ల రంగు గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలోనే ఎక్కువగా పెడుతుంది. మనం ఎండాకాలంలో బీడుకు నిప్పు పెడతాం. ఇక చూసుకోండి.

పాలపిట్ట ఉంది. దసరా నాడు కనబడితే మంచిదని వెతుక్కుంటాం. పట్నాల్లో కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, చూపించి డబ్బులు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం అది నేరం. పాలపిట్ట తీగ మీద కూర్చుని నేల వైపు చూస్తూ ఉంటుంది. మిడత కదిలితే దిగి పట్టుకుంటుంది. గడ్డి ఉంటే మిడత, మిడత ఉంటే పాలపిట్ట. సిమెంటు పోసిన జాగాలో అది దేన్ని చూసి దిగుతుంది?

ఇప్పుడు జేసీబీ సంగతి. చదును చేస్తే ఏం పోతుంది, వానలు పడితే మళ్లీ మొలుస్తాయి కదా అనుకోవచ్చు. మొలుస్తాయి. కానీ ఏవి మొలుస్తాయి? గునుగు గింజ, గడ్డి గింజ పై మట్టిలోనే ఉంటాయి. జేసీబీ ఆ పై మట్టినే గీకి పక్కకు తోస్తుంది. నేలలో బొరియలు చేసుకుని బతికే ఈగలు చాలా ఉన్నాయి. వాటి గూళ్లు కూడా పోతాయి. అట్లా గీకిన ఖాళీ నేలలోకి మొదట వచ్చేది వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అంటామే, అది. ఆ మొక్క మన దేశానిది కాదు. 1950లలో విదేశాల నుంచి తెచ్చిన గోధుమలతో పాటు వచ్చిందని చెప్తారు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. కొందరికి ఆయాసం. పశువులు ముట్టవు. రోడ్డు వేసిన చోట, పునాది తవ్విన చోట మొదట ఏది మొలిచిందో గుర్తు చేసుకోండి. అదే ఇక్కడా జరుగుతుంది.

"అయితే చెట్లు నాటిద్దాం" అని ఇంకొకరు అంటారు. చెట్లు మంచివే. 2015 నుంచి హరితహారంలో నాటాం. 2020లో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. కానీ ఖాళీగా కనిపించిన ప్రతి బీడులో చెట్లు నాటడం నాకు సమ్మతం కాదు. గునుగుకు, తంగేడుకు, గడ్డికి ఎండ కావాలి. దట్టమైన నీడ పడితే అవి ఉండవు. చెట్టుకు ఒక చోటు, గడ్డికి ఒక చోటు. బీడు అంటే ఏమీ లేని చోటు అని మనకు ఎవరో నేర్పారు. పన్ను రాని భూమి సర్కారు లెక్కలో పనికిరాని భూమి. మన లెక్క వేరే.

దూరదేశం ముచ్చట ఒకటి చెప్తాను. ఇంగ్లండులో పూల గడ్డి బీళ్లు ఉండేవి. ఏడాదికి ఒకసారి పశువుల కోసం గడ్డి కోసేవారు. తర్వాత దున్నారు, ఎరువులు చల్లారు. ఇంగ్లండు, వేల్సులో 1930ల నాటికి ఉన్న అట్లాంటి బీళ్లలో 100కు 97 పాళ్లు 1984 నాటికి పోయాయి. మిగిలింది మూడు పాళ్లు. ఇప్పుడు అక్కడ కొన్ని ఊళ్లవాళ్లు కలిసి, జాగా ఇచ్చి, గింజలు కొని చల్లి, మళ్లీ పూల బీళ్లు పెంచుకుంటున్నారు. మనకు గింజ కొనే అవసరం ఇంకా రాలేదు. గింజ మన మట్టిలోనే ఉంది.

వాళ్లు చేసే పని పెద్ద విద్యేమీ కాదు. పువ్వు పూసి, గింజ రాలాక గడ్డి కోయాలి. కోసిన గడ్డిని అక్కడి నుంచి తీసేయాలి. ఎరువు వేయకూడదు. ఇంతే. ఎరువు ఎందుకు వద్దు అంటారా? మన పెంటకుప్పల దగ్గర ఏం మొలుస్తుంది? ఉమ్మెత్త మొలుస్తుంది. బలమైన నేలలో మొరటు మొక్కలు ఎదిగి చిన్న పూల మొక్కలను తొక్కేస్తాయి. కాబట్టి బంచరాయిలో పెంట వేసే వాళ్లు వేరే చోటు చూసుకోవాలి. ఇది ఎవరికి తగలాలో వాళ్లకు తగిలే ఉంటుంది. నవ్వకండి.

మన ఊరికి తగ్గట్టు నేను అనుకున్నది చెప్తాను. బాగుంటే ఒప్పుకోండి, లేకపోతే మార్చండి.

బతుకమ్మ ఆడటానికి చెరువు వైపు ఒక ముక్క చాలు. అక్కడ జేసీబీ వద్దు. పండుగకు ముందు కొడవళ్లతో గడ్డి కోసి, రాళ్లు ఏరితే చాలు. ఒక్క పూట పని. ఇళ్ల వైపు ఉన్న అంచు కూడా పొట్టిగా కోసి ఉంచాలి. నడుమ ఉన్న జాగా పూలకు వదలాలి. మిరుగు నాటి నుంచి దీపావళి వరకు అందులోకి మందలు పోకూడదు.

ఇక్కడ గొర్లు, మేకలు ఉన్న వాళ్ల మాట వినాలి. వాళ్ల కోపం న్యాయమైనదే. 2017లో సర్కారు గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మందలు పెరిగాయి. మేత భూమి మాత్రం పెరగలేదు. ఇప్పుడు ఆడవాళ్లు వచ్చి నాలుగైదు నెలలు బంద్ అంటే వాళ్లు ఎక్కడికి పోవాలి? కాబట్టి మొత్తం మూసేయవద్దు. గుట్ట వైపు జాగా వాళ్లకు ఎప్పటిలాగే ఉండాలి. దీపావళి తర్వాత పూల జాగా కూడా వాళ్లకు తెరవాలి. ఆ గుట్ట వైపు సర్కారు తుమ్మ కమ్మేసింది. దాన్ని వేర్లతో తవ్వి తీయిస్తే వాళ్లకు మేత జాగా పెరుగుతుంది, మనకు పొయ్యిలోకి కట్టెలు దొరుకుతాయి. గ్రామసభలో ఈ మాట మనమే ముందు ఎత్తాలి. వాళ్లతో కొట్లాడి తెచ్చుకున్న పూలబీడు ఒక్క వానాకాలం కూడా నిలవదు.

పూలు కోయడానికి కూడా ఒక పద్ధతి పెట్టుకుందాం. గునుగును వేరుతో పీకవద్దు. కొడవలితో పై కొమ్మ కోయండి. కింది కొమ్మలు మళ్లీ పూస్తాయి. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కింద గింజ ముదురుతుంటే పైన ఇంకా పూలు ఉంటాయి. పది మొక్కలు ఉంటే మూడు ముట్టకుండా వదలండి. అవి వచ్చే ఏటి విత్తనం. తంగేడు కొమ్మ విరిచినా, కోసినా మళ్లీ చిగురిస్తుంది. కానీ మోడు తవ్వితే పోతుంది.

దీపావళి దాటాక ఒక గునుగు కంకి తెచ్చి తెల్లగుడ్డ మీద దులపండి. నల్లగా మెరిసే సన్నని గింజలు రాలితే, గడ్డి కోతకు వేళ అయిందని గుర్తు. అప్పుడు కోసి, బర్రెలు, ఆవులు ఉన్న ఇళ్లకు వంతుల ప్రకారం పంచుకోవచ్చు. ఒక పక్క మాత్రం ఒక పట్టె కోయకుండా ఉంచాలి. ఏటా ఆ పట్టె మార్చాలి. చలికాలంలో పురుగులు, గుడ్లు, గూళ్లు దాంట్లో ఉంటాయి. ఇక నిప్పు ఎప్పుడూ పెట్టవద్దు.

వయ్యారిభామ కనిపిస్తే వానలు పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పువ్వు రాకముందే వేరుతో పీకాలి. వట్టి చేతులతో ముట్టవద్దు. చేతికి కవరో, గుడ్డో చుట్టుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు ఆ పనికి రావద్దు.

ఇక పాముల భయం. ఇది అందరి మనసులో ఉంది, నాకు తెలుసు. గడ్డి పెరిగితే పాము వస్తుందంటారు. పాము ఎలుక కోసం వస్తుంది. ఎలుక మన ఇళ్లలో, గడ్డివాముల్లో కూడా ఉంది. అయినా భయం ఉత్తదని నేను అనను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగూ ప్రమాదమే. అందుకే ఇళ్ల వైపు పొట్టిగా కోయాలన్నాను. నడవడానికి ఒక బాట కూడా కోసి ఉంచాలి. చెప్పులు లేకుండా పోవద్దు. చీకట్లో బ్యాటరీ లైటు లేకుండా పోవద్దు. పిల్లలను బాట దాటనివ్వద్దు. పాము కరిస్తే మంత్రం వద్దు, కోయడం వద్దు, గట్టిగా కట్టు కట్టడం వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి. మందు అక్కడే ఉంటుంది.

ఇవన్నీ మనం అడిగితే ఎవరు వింటారు అనే ప్రశ్న ఉంది. వినడానికి చట్టం ఉంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. మాట పెద్దది. విడదీసి చదవండి. జీవ, వైవిధ్యం. రకరకాల ప్రాణాలు అని అర్థం. ఈ చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. 2004లో రాసిన నియమాల్లో ఆ కమిటీ సభ్యుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలన్నారు. ఊళ్లో ఉండే చెట్లు, పూలు, కూరలు, పిట్టలు, పశువులు అన్నింటి పేర్లు ఒక రిజిస్టరులో రాయాలి. మన పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా? ఉంటే అందులో గునుగు ఉందా? చూపించమని అడుగుదాం. చదవడం వచ్చింది కదా, మనమే చూద్దాం.

ఇంకొకటి. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పంజాబులో ఒక ఊరి చెరువు జాగాను కొందరు ఆక్రమించి ఇళ్లు కట్టుకున్నారు. కోర్టు వాళ్లను ఖాళీ చేయమన్నది. ఊరి ఉమ్మడి భూములను ఊరి వాళ్ల కోసమే ఉంచాలని, కబ్జాలు తీయించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎందుకు చెప్తున్నానంటే, చదును చేసిన జాగా మీద అందరి కన్నూ పడుతుంది. ఇవాళ బతుకమ్మ జాగా అంటారు. రేపు హద్దురాళ్లు పాతుతారు. అన్ని ఊళ్లలో ఇట్లా జరిగిందని నేను అనను. కానీ గడ్డి, ముళ్లు ఉన్న జాగా కంటే చదునైన జాగా తొందరగా చేతులు మారుతుంది.

మన దరఖాస్తు ఇట్లా ఉంటే సరిపోతుందని రాశాను. నెమ్మదిగా చదువుతాను, నాతో పాటు మీరూ చదవండి.

"గ్రామ పంచాయతీకి, ఊరి మహిళలు రాసుకున్న దరఖాస్తు. మన ఊరి బంచరాయిని జేసీబీతో చదును చేయవద్దు. గడ్డిమందు కొట్టవద్దు. నిప్పు పెట్టవద్దు. బతుకమ్మ ఆటకు చెరువు వైపు జాగాను మేమే బాగు చేసుకుంటాం. నడిమి జాగాను మిరుగు నుంచి దీపావళి వరకు పూలకు వదలాలి. గుట్ట వైపు సర్కారు తుమ్మ తీయించి గొర్ల, మేకల మేతకు ఇవ్వాలి. బంచరాయి హద్దులు కొలిచి రాళ్లు పాతించాలి. జీవవైవిధ్య రిజిస్టరు మాకు చూపించాలి."

చిన్న కాగితమే. కింద సంతకాలు ఉంటాయి. ఈసారి వేలిముద్రలు వద్దు. మీ పేరు మీరే రాయండి. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు, ఎవరి పేరో తెలిస్తే చాలు.

గ్రామసభలో మాట్లాడటానికి నన్ను ముందుకు తోయవద్దు. నేను రేపు బదిలీ మీద పోతాను, మీరు ఇక్కడే ఉంటారు. గునుగు సంగతి పెద్దమ్మలు చెప్పాలి. పెరటి పిందెల సంగతి కూరగాయలు అమ్మే అక్కలు చెప్పాలి. మేత సంగతి మందలు ఉన్న ఇళ్ల కోడళ్లు చెప్తే వాళ్ల మగవాళ్లు కూడా వింటారు. ఎవరు ఏం చెప్పాలో ఇప్పుడే అనుకుందాం, అక్కడికి పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే అందరం బంచరాయికి పోదాం. కనిపించిన ప్రతి మొక్క పేరు రాద్దాం. నాకు తెలియని పేర్లు మీరు చెప్పండి, మీకు రాయడం రాని అక్షరాలు నేను చెప్తాను. పలక కాదు, నోటుబుక్కు తెచ్చుకోండి. చెప్పులు వేసుకుని రండి.